మీ మనవడికి గోల్స్ ఎందుకు తగ్గాయంటే

బోస్టన్,
నవంబర్ 16, 2025.

నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. ఇంటి విషయాలన్నీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాను. ఈ ఉత్తరం మాత్రం మీ ఒక్కరికే, అదీ ఒక్క విషయం మీదే, చిన్నూ ఐస్ హాకీ ఆట మీద.

పోయిన ఆదివారం మీరు చిన్నూని అడిగారు కదా, "ఏరా, పది ఆటల్లో రెండే గోల్సా? పోయినేడు అన్ని కొట్టినవాడివి, ఏమైందిరా?" అని. ప్రేమతోనే అడిగారు. వాడు "ఏం లేదు తాతయ్యా" అని ఫోన్ నా చేతిలో పెట్టి గదిలోకి వెళ్లిపోయాడు. రాత్రి పడుకోబోయే ముందు వచ్చి, "నేనిప్పుడు ఏం ఆడుతున్నానో తాతయ్యకి తెలియదు కదమ్మా" అన్నాడు. ఫోన్‌లో చెబితే సగం మాట మధ్యలోనే పోతుందని కాగితం తీసుకున్నాను.

సంగతేమిటంటే, ఈ ఏడాది కోచ్ మారారు. పోయినేడు చిన్నూ వింగర్‌గా, అంటే ముందు వరసలో పక్క వైపున, ఆడాడు. ఇప్పుడు వాడిని సెంటర్‌లో, అంటే ఇద్దరు వింగర్ల నడుమ, పెట్టారు. అవతలి జట్టులో బాగా గోల్స్ కొట్టే పిల్లలు ఏ లైన్‌లో (కలిసి ఐస్ మీదికి దిగే ముగ్గురి గుంపు) ఉంటే ఆ లైన్ మీదికి వీడిని పంపుతున్నారు. మన గోల్ దగ్గర ఫేస్‌ఆఫ్ (ఇద్దరి మధ్య పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ల, వదిలి ఆట మొదలుపెట్టడం) పడితే వీడే, మనవాళ్లలో ఒకడు తప్పు చేసి పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటే వీడే. ఇక్కడ ఇలాంటి ఆటగాడిని టూ-వే ఫార్వర్డ్ అంటారు. ముందుకెళ్లి గోల్ కొట్టాలి, వెనక్కొచ్చి గోల్ పడకుండా ఆపాలి.

మీరు మా దగ్గరున్న 2022-23 చలికాలం గుర్తుందా? మా బోస్టన్ జట్టు బ్రూయిన్స్ 65 ఆటలు గెలిచి, జట్ల పట్టికలో 135 పాయింట్లతో ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ రికార్డు కొట్టిన ఏడాది. మీకు ఆటగాళ్ల పేర్లు నోరు తిరక్క నంబర్లతోనే పిలిచేవారు. "ఆ 37వ నంబరాయన ఎప్పుడు చూసినా వెనక్కే పరిగెడుతున్నాడేంటమ్మా?" అన్నారొకసారి. ఆయనే పాట్రిస్ బెర్జెరాన్. ఆ సీజన్‌లో అదే జట్టులోని డేవిడ్ పాస్ట్రనాక్ 61 గోల్స్ కొట్టాడు, బెర్జెరాన్ 27. "61 కొట్టినవాడిని వదిలేసి 27 కొట్టినవాడిని ఇంతలా పొగుడుతారెందుకు?" అని మీరడిగితే నాకప్పుడు సరిగ్గా చెప్పడం రాలేదు. ఈ రెండేళ్లలో పిల్లవాడి వెంట రింకుల చుట్టూ తిరిగి కొంత అర్థమైంది.

రింక్ పొడవు 200 అడుగులు. మన గోల్ పక్కన గుండ్రంగా గీసిన చోట ఫేస్‌ఆఫ్ పడిందంటే, అక్కడి నుంచి అవతలి గోల్ దాదాపు 160 అడుగుల దూరం. ఒక్కో లైన్ ఐస్ మీద ఉండేది (దాన్నే షిఫ్ట్ అంటారు) ముప్పావు నిమిషం అటూ ఇటూ. అందులో సగం కాలం పక్‌ని మన ప్రాంతం దాటించడానికే సరిపోతుంది. మధ్య గీత దగ్గరికి వచ్చేసరికి కాళ్లు బరువెక్కుతాయి. పక్‌ని అవతలి మూలకి కొట్టేసి బెంచ్ మీదికి వచ్చేస్తారు. మంచి షిఫ్టే, కానీ గోల్ లేదు, షాట్ లేదు, మీరు చూసే స్కోరు కాగితంలో ఒక్క గీత కూడా పడదు. అదే పాస్ట్రనాక్‌ని చూడండి. అవతలి గోల్ పక్కన ఫేస్‌ఆఫ్ ఉన్నప్పుడు ఎక్కువగా పంపేది అలాంటివాళ్లనే. వాళ్ల షిఫ్ట్ మొదలయ్యేదే గోల్‌కి ఇరవై, ముప్ఫై అడుగుల్లో.

సెంటర్‌కి ఇంకో చిక్కుంది. మన ప్రాంతంలో పక్ ఉన్నంతసేపూ వింగర్లు కాస్త పైన, మన ప్రాంతం హద్దైన బ్లూ లైన్ వైపు ఉంటారు. సెంటర్ మాత్రం కిందికి దిగి, గోల్ ముందు, మూలల్లో డిఫెన్స్‌మెన్‌తో కలిసి కాపలా కాయాలి. పక్ మనకు దొరకగానే వింగర్లు ముందు బయల్దేరతారు, సెంటర్ అందరికంటే వెనక పడతాడు. వాడు అవతలి గోల్ దగ్గరికి చేరేలోపు మొదటి షాట్ అయిపోతుంది. కొందరు పక్ దొరక్కముందే పైకి జారుకుంటారు. దొరికితే ఒంటరిగా గోలీ ముందుకు వెళ్లొచ్చు, పేరొస్తుంది. దొరక్కపోతే వెనక అయిదుగురి మీద నలుగురే మిగులుతారు. చిన్నూ పోయినేడు ఆ జారుకోవడంలో బాగా ఆరితేరాడు. వాడి గోల్స్‌లో చాలావరకు అలా వచ్చినవే. ఇది మీకు అప్పుడు చెప్పలేదు.

ఎదురుగా ఎవరున్నారన్నది కూడా చూడాలి. సొంత రింక్‌లో ఆడే జట్టుకు ఆఖరున మార్చుకునే హక్కు ఉంటుంది. అవతలి కోచ్ తన లైన్‌ని పంపాక, దాన్ని చూసి మన కోచ్ పంపుతాడు. అంటే బెర్జెరాన్ సొంత రింక్‌లో ఆడిన రాత్రుల్లో ఎదుటి జట్టు అత్యుత్తమ లైన్ మీదికి ఆయననే పంపేవారు. ఆయన గోల్ కొట్టాలన్నా వాళ్ల దగ్గర పక్ గుంజుకునే కొట్టాలి. అలా ఆడుతూ 1,294 ఆటల్లో 427 గోల్స్, 1,040 పాయింట్లు సాధించాడు. ఆటగాడి లెక్కలో పాయింట్ అంటే గోల్ గానీ, గోల్‌కి అందించిన పాస్ గానీ. అయినా ఏ ఒక్క సీజన్‌లోనూ 79 పాయింట్లు దాటలేదు. వట్టి ఆ 79 చూస్తే మామూలు మంచి ఆటగాడే అనిపిస్తాడు. డిఫెన్స్ బాగా చేసే ఫార్వర్డ్‌కి ఇచ్చే సెల్కీ ట్రోఫీ మాత్రం ఆరుసార్లు ఆయనకే వచ్చింది. అన్నిసార్లు ఇంకెవరికీ రాలేదు.

అయితే నాన్నా, డిఫెన్స్ చేసేవాళ్లందరికీ గోల్స్ ఒకే లెక్కన తగ్గవు. పవర్ ప్లేలో ఎవరిని ఆడిస్తారన్నది చాలా ముఖ్యం. అవతలివాళ్లు నలుగురే ఉన్నప్పుడు మనం అయిదుగురం ఆడే ఆ రెండు నిమిషాల్లోనే పెద్ద స్కోరర్లకు బోలెడు పాయింట్లు వస్తాయి. బెర్జెరాన్‌కి అక్కడ సరిగ్గా నడిమధ్యలో చోటుండేది. లాస్ ఏంజెలెస్ సెంటర్ ఆంజే కోపిటార్‌కీ ఉండేది. అందుకే 2017-18లో కోపిటార్ సెల్కీ గెలుస్తూనే 92 పాయింట్లు చేయగలిగాడు. జోర్డన్ స్టాల్ కథ వేరు. 18 ఏళ్లకే పిట్స్‌బర్గ్‌కి ఆడి, మొదటి సీజన్‌లోనే 29 గోల్స్ కొట్టాడు. అందులో 7 తమ జట్టులో ఒకడు తక్కువున్నప్పుడు కొట్టినవి. ఆ జట్టులో ముందు సిడ్నీ క్రాస్బీ, యెవ్‌గెనీ మాల్కిన్ ఉన్నారు, ఈయనకి మూడో సెంటర్ పని దక్కింది. తర్వాత కరోలినా వెళ్లినా కాపలా పనే ముఖ్యమైంది. ఆ 29ని మళ్లీ ఎప్పుడూ దాటలేదు. 2024లో సెల్కీకి చివరిదాకా నిలిచిన ముగ్గురిలో స్టాల్ ఒకడు, ఆ సీజన్‌లో 69 గోల్స్ కొట్టిన టొరంటో ఆటగాడు ఆస్టన్ మాథ్యూస్ ఇంకొకడు. ఒకే ట్రోఫీకి ఇద్దరు ఇంత వేరు మనుషులు. ఎవరి గోల్స్ చూసి ఎవరిని తక్కువ చేస్తాం?

నన్ను బాగా కదిలించింది మాత్రం షాన్ కుటూరియే. 2011లో, ఇంకా పందొమ్మిది నిండకుండానే ఫిలడెల్ఫియా జట్టులోకి వచ్చాడు. ఆ తర్వాతి వసంతంలో ప్లేఆఫ్స్‌లో పిట్స్‌బర్గ్ ఎదురైతే, ఆ సీజన్‌లో లీగ్‌లోనే అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసిన మాల్కిన్‌ని కాపలా కాసే పని ఈ కుర్రాడికి ఇచ్చారు. రెండో ఆటలో ఆ పని చేస్తూనే మూడు గోల్స్ కొట్టాడు. చూసినవాళ్లెవరైనా ఇక వీడు స్కోరర్ అవుతాడనుకుంటారు. కానీ అక్కడి నుంచి అయిదు సీజన్లు వరసగా, ఒక్కదాంట్లోనూ 15 గోల్స్ దాటలేదు. బాగా ఆపగలిగాడు కాబట్టి ఆపే పనిలోనే ఉంచేశారు. 2017లో క్లాడ్ జిరూ పక్కన మొదటి లైన్‌లో వేశాక, ఒక్కసారిగా 31 గోల్స్, 76 పాయింట్లు. అప్పటిదాకా చేతుల్లో లేని విద్య ఆ ఏడాది పుట్టిందంటారా? ఉన్నదే, నిలబడే చోటు మారింది. 2020లో సెల్కీ కూడా వచ్చింది. ఆ అయిదేళ్లు తలుచుకుంటే నాకు చిన్నూ విషయంలో టెన్షన్ వస్తుంది. అది మీకు చెప్పకుండా దాచను.

అందుకే పోయిన బుధవారం ప్రాక్టీస్ అయ్యాక కోచ్‌తో మాట్లాడాను. పన్నెండేళ్ల పిల్లవాడిని సీజన్ అంతా ఒకే పనికి కట్టేయడం మంచిది కాదని నా అభిప్రాయం, అదే చెప్పాను. ఆయన విన్నారు. జనవరి నుంచి పవర్ ప్లేలో కూడా చోటిస్తానన్నారు. సెంటర్ ఆట నేర్చుకోవడానికి మాత్రం ఇదే సరైన వయసన్నారు. ఆ మాటతో నాకు పేచీ లేదు.

ఎందుకంటే డెట్రాయిట్ వాళ్ల సంగతి నాకు ధైర్యమిస్తుంది. స్టీవ్ యిజర్‌మన్ 1988-89లో 65 గోల్స్, 155 పాయింట్లు చేశాడు. 1993లో స్కాటీ బౌమన్ కోచ్‌గా వచ్చాక ఆయన ఆట మారింది, వెనక పని పెరిగింది, పాయింట్లు తగ్గాయి. 1996-97లో 85 పాయింట్లే. ఆ ఏడాదే డెట్రాయిట్‌కి 42 ఏళ్ల తర్వాత లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ వచ్చింది, కెప్టెన్ ఆయనే. అదే జట్టులో సెర్గీ ఫెడరోవ్ 1993-94లో 56 గోల్స్, 120 పాయింట్లు చేసి, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ, సెల్కీ రెండూ ఒకే ఏడాది తీసుకున్నాడు. తర్వాత వచ్చిన పావెల్ డాట్సియుక్ వరసగా రెండు సీజన్లు 97 పాయింట్లు చొప్పున చేశాడు, ఆ రెండేళ్లూ సెల్కీ ఆయనదే.

డాట్సియుక్ పాత ఆటలు చిన్నూ, నేను రాత్రిళ్లు కూర్చుని చూస్తున్నాం. ఎదుటివాడి వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి, వాడి స్టిక్‌ని తన స్టిక్‌తో కొద్దిగా ఎత్తి పక్ లాగేసుకుంటాడు. తోయడం, మీద పడటం ఉండదు. మర్యాదగా ఆడేవాళ్లకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ కూడా వరసగా నాలుగుసార్లు ఆయనకే ఇచ్చారు. పక్ పోయిన క్షణంలో అవతలి జట్టంతా ముందుకు ఒరిగి ఉంటుంది, వెనక ఖాళీ. అక్కడి నుంచే ఆయన గోల్ మొదలవుతుంది. ఆ పక్ లాగడాన్ని డిఫెన్స్ అనాలో అటాక్ అనాలో నాకు తెలియడం లేదు. అయితే అందరూ ఆయనలా కాలేరన్నది కూడా ఒప్పుకోవాలి. గీ కార్బనో జూనియర్ ఆటల్లో ఒక్క సీజన్‌లో 182 పాయింట్లు చేసినవాడు. మాంట్రియల్‌కి వచ్చి కాపలా పని తీసుకున్నాక ఏ సీజన్‌లోనూ 60 దాటలేదు. మూడు సెల్కీలు, హాల్ ఆఫ్ ఫేమ్ వచ్చాయి. మనకు కాగితం మీద కనపడని మిగతా గోల్స్ ఆయన వదులుకున్నవి.

మీకు 2023 ఏప్రిల్ 30 రాత్రి గుర్తుండే ఉంటుంది. ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడాతో ఏడో ఆట. సిరీస్‌లో 3-1తో ముందుండి కూడా బ్రూయిన్స్ ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు. బెర్జెరాన్ ఐస్ మీదే ఉండి, జట్టువాళ్లను ఒక్కొక్కరినీ కౌగిలించుకుంటుంటే మీరు టీవీ కట్టెయ్యమన్నారు. అదే ఆయన చివరి ఆట, జూలైలో రిటైరయ్యాడు. ఆ రాత్రి అవతలి జట్టు కెప్టెన్ అలెక్సాండర్ బార్కోవ్ మీకు గుర్తుండకపోవచ్చు, పొడుగ్గా, నింపాదిగా ఉంటాడు. తర్వాత 2024, 2025లలో వరసగా రెండు కప్పులూ, రెండు సెల్కీలూ ఆయనవే. 2025 సెప్టెంబర్‌లో మోకాలికి గాయమై ఆటకి దూరమయ్యాడు. చిన్నూకి ఇప్పుడు ఆయనంటే ప్రాణం. బార్కోవ్ ఫేస్‌ఆఫ్‌కి ఎలా వంగుతాడో వంటగదిలో చీపురుకట్టతో నాకు చూపిస్తుంటాడు.

నిన్నటి ఆట వీడియో మీ ఫోన్‌కి పంపాను. చిన్నూది 16వ నంబరు. రెండో పీరియడ్‌లో, గడియారంలో నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నప్పటి నుంచి చూడండి. దయచేసి పక్ వెంట చూడకండి, వాడినే చూడండి. అవతలి పిల్లవాడు ఒకడు, వయసుకి మించి పొడుగు, మన గోల్ ముందుకు వస్తాడు. చిన్నూ వాడి స్టిక్ కింద తన స్టిక్ పెట్టి ఎత్తేస్తాడు. పాస్ వచ్చి వాళ్లిద్దరి మధ్య నుంచి ఖాళీగా జారిపోతుంది. అంతే, ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ ఆట 2-1తో గెలిచాం, వాడి పేరు స్కోరు కాగితంలో ఎక్కడా లేదు.

వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు దాని గురించి అడుగుతారు కదూ? నేను చెప్పి అడిగించినట్టు మాత్రం వాడికి తెలియనివ్వకండి.

అమ్మకి నా ప్రేమ చెప్పండి. చలి మొదలైంది, మీ ఉన్ని కోటు ఇంకా ఇక్కడే తలుపు వెనక వేలాడుతోంది.

మీ అమ్మాయి