మాడిసన్ తెలుగు కుటుంబాల వార్షిక నివేదిక: ఉగాది నుంచి ఉగాది దాకా

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 9న క్రోధి ఉగాది మొదలుకొని 2025 మార్చి 30న విశ్వావసు ఉగాది దాకా మనం కలిసి చేసిన పనుల వివరం ఇది. వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే చేసుకున్నాం. జమాఖర్చులు విడిగా పంపించాం, దయచేసి చూడండి. ఈసారి ఎక్కువగా చెప్పాలనుకున్నది మన మాడిసన్ (అమెరికాలోని విస్కాన్సిన్) ఊళ్ళోని మెండోటా సరస్సు గట్టున ఫిబ్రవరిలో మొదలైన ఆదివారం నడక గురించి.

ఇక్కడున్న కొడుకులను, కూతుళ్ళను చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు చలికాలమంతా కిటికీ పక్కనే గడిపేస్తున్నారు. వాళ్ళను బయటికి తీసుకురావాలన్నదే మా ఆలోచన. చూసినవన్నీ తేదీ వేసి రాయడానికి పిల్లలకు ఒక నోటుబుక్కు ఇచ్చాం. మొదట్లో అందులో ఉన్నవన్నీ "చలి", "గాలి". తర్వాత ఒక రోజు, జమ్ముగడ్డిలో భుజాల మీద ఎర్రమచ్చ ఉన్న నల్లపిట్ట కూస్తోందని రాశారు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో మేపుల్ చెట్లకు గొట్టాలు బిగించి రసం పడతారు. అది చూసి ఒక తాతగారు "ఈతచెట్టుకు లొట్టి కట్టినట్టే ఉంది" అన్నారు. 40 పాళ్ళ రసం కాస్తే ఒక పాలు సిరప్ వస్తుందని తెలిశాక పిల్లలు దోసె మీద దాన్ని పొదుపుగా పోసుకుంటున్నారు.

ఒక సంఘటన మమ్మల్ని భయపెట్టింది. దూరంగా జనం గడ్డకట్టిన సరస్సు ఐస్ మీద చేపలు పడుతుంటే చూసి, మన కుటుంబం ఒకటి గట్టు దగ్గర దిగింది. తండ్రి కాలు మోకాలి దాకా లోపలికి పోయింది. దెబ్బ తగల్లేదు కానీ ఆ టెన్షన్ మాకు చాలా రోజులు ఉంది. నడిమధ్య గట్టిగా ఉన్నా, గట్టు వెంబడి, ఊటలున్న చోట, వాననీటి కాలువలు కలిసే చోట ఐస్ ముందే పలచబడుతుంది. చివరి రోజుల్లో అది నిలువు పుల్లలుగా విడిపోయి, ఒకదానికొకటి తగిలి గాజుల గలగలలా మోగుతుంది. ఆ చప్పుడు గట్టు మీదే నిలబడి వినండి.

గత జూన్‌లో బారాబూ ఊళ్ళోని క్రేన్ కొంగల కేంద్రానికి వెళ్ళాం. ప్రపంచంలోని 15 జాతులూ అక్కడ ఉన్నాయి. మన సారసాన్ని చూసి, వాల్మీకి చూసిన క్రౌంచం ఇదేనంటారని అమ్మమ్మలు పిల్లలకు చెప్పారు. అందుకే మార్చిలో సాండ్‌హిల్ కొంగల అరుపు వినగానే పిల్లలే ముందు గుర్తుపట్టారు.

మెండోటా ఎప్పుడు గడ్డకట్టింది, ఎప్పుడు కరిగింది అన్నది 1850ల నుంచి రాసి ఉంది. సరస్సు ఒడ్డున ఉన్న పిక్నిక్ పాయింట్ నుంచి మరో ఒడ్డున ఉన్న మేపుల్ బ్లఫ్ దాకా పడవ వెళ్ళగలిగితే సరస్సు తెరుచుకున్నట్టని పాత లెక్క. అప్పటికీ ఇప్పటికీ ఐస్ ఉండే కాలం దాదాపు నెల తగ్గింది. 2001-02లో 21 రోజులే ఉంది. ఎవరో ఓపిగ్గా రాసిపెట్టబట్టే మనకు ఇది తెలిసింది. మన నోటుబుక్కు వయసు రెండు నెలలే. అయినా దాన్ని ఆపకూడదని కమిటీ తీర్మానించింది.

ఈ వేసవిలో ఇండియా వెళ్ళేవాళ్ళు నోటుబుక్కు పక్కింటివాళ్ళకు ఇచ్చి వెళ్ళండి. ఏ ఆదివారం పేజీ ఖాళీగా ఉండకూడదు.

కార్యదర్శి