గోడపత్రికలో ఆ వ్యాసం అలాగే ఉంటుంది

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి పిల్లలు తయారుచేసిన గోడపత్రికను మీలో చాలామంది చూశారు. అందులో ఎనిమిదో తరగతి అమ్మాయిలు మరుగుదొడ్ల గురించి రాశారు. మధ్యాహ్నం దాటితే నీళ్లు రావడం లేదనీ, అందుకే పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా ఉంటున్నామనీ ఆ వ్యాసం. కొందరు తల్లులు నా దగ్గరికి వచ్చి, "తెలియక రాశారు మేడం, తీసేయించండి, మార్కులు తగ్గిస్తారేమో" అన్నారు.

వ్యాసం తీయించను. దాని వల్ల ఏ పిల్లకూ ఒక్క మార్కు తగ్గదు. ఈ మాట కాగితం మీద పెట్టి చెబుతున్నాను.

రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. ఇంత వయసు దాటిన వారికే అనే షరతు అందులో లేదు. ప్రభుత్వం మన నోరు నొక్కకుండా కాపాడే హక్కు అది. మనది ప్రభుత్వ బడి కాబట్టి, ఆ పిల్లల ముందు ప్రభుత్వం తరఫున కూర్చున్నది నేనే.

1931లో మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి పొందాలని నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చిన కాలమది. మన పిల్లల్లో ఎవరి ముత్తాతలో ఆ సభలో కూర్చునే ఉంటారు.

ఈ హక్కుకు హద్దులూ ఉన్నాయి. గోడపత్రికకు వచ్చిన మరో కాగితాన్ని మేము వేయలేదు. తోటి విద్యార్థి తండ్రిని ఏ ఆధారమూ లేకుండా దొంగ అని రాశారు అందులో. దేశ సమగ్రత, భద్రత, శాంతిభద్రతలు, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి పురికొల్పడం వంటి కారణాలతో సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని 19(2) చెబుతుంది. పై అధికారికి కోపం వస్తుందనే కారణం ఆ జాబితాలో లేదు.

మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఇందులోదే. కేరళలో జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడి, మతవిశ్వాసం వల్ల గొంతు కలపని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. వారిని తిరిగి చేర్చుకోవాలని 1986లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన తెలుగువారే. అందుకే సభలో మాట్లాడటం ఇష్టంలేని పిల్లలను మైకు ముందుకు నెట్టవద్దని ఉపాధ్యాయులకు చెప్పాను.

ఇక నీళ్ల సంగతి. వ్యాసం చదివాక ట్యాంకు పరిశీలిస్తే వాల్వు పాడైందని తేలింది. మార్పించాం. సాయంత్రం బడి వదిలేదాకా నీళ్లు వస్తున్నాయి.

వచ్చే గోడపత్రిక మధ్యాహ్న భోజనం గురించి. ఈసారి మీకూ ఒక వరుస వదిలాం. రాయడం రాని వారు చెబితే పిల్లలు రాస్తారు. పేరు వేయడం ఇష్టం లేకపోతే తరగతి ఉపాధ్యాయురాలికి చెప్పండి, పేరు లేకుండానే వేస్తాం. శనివారం లోపు పంపండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు