బకెట్టు నీళ్ళలో పటిక

సంపాదకులు గారికి,

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ అనగానే మనోళ్ళకి గుర్తొచ్చేది ఆర్వో మిషనే, కానీ నాగపూర్‌లో ఉన్న నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) సైంటిస్టులు ఎప్పుడో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తోనే ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టారు, దానికి పేరు కూడా మన నల్గొండదే పెట్టారు. కరెంటు కూడా అక్కర్లేదు. బకెట్టులో అవి వేసి కాసేపు కలిపి వదిలేస్తే పటిక ఫ్లోరైడ్‌ని పట్టుకుని తెల్లగా ముద్దలు కట్టి అడుక్కి దిగుద్ది, పైన తేట వంచుకోటమే, మా అమ్మమ్మ బురద నీళ్ళలో పటిక తిప్పినట్టే అన్నమాట. పటిక ఎంతెయ్యాలో మాత్రం నీళ్ళు టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది, ఎక్కువైతే అల్యూమినియం మిగులుద్ది, ఆ మడ్డి ఎక్కడ పారబోయాలన్నదీ తలనొప్పే. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు కదా, మరి ఇంకా బోరు నీళ్ళే తాగే ఊళ్ళల్లో ఆ టెస్ట్ ఎవరు చేస్తున్నారో మీ విలేకరులు ఒకసారి కనుక్కుని రాయండి.

- ఒక పాఠకుడు, నల్గొండ