ఆటో బ్రేక్ వచ్చినా ట్రాలీకి రేడియం స్టిక్కర్ కావాల్సిందే

సంపాదకుడికి,

హనుమకొండలో గానీ కరీంనగర్‌లో గానీ ఇప్పుడు కారు కొనడానికి షోరూంకు వెళ్తే మొదట వినిపించే మాట ‘అడాస్’, అంటే డ్రైవర్‌కు సాయపడే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు. ముందు ఏదైనా అడ్డం వస్తే కారు దానంతట అదే ఆగిపోతుందని చెబుతున్నారు. కొన్నేళ్ల కింద ఖరీదైన కార్లలోనే ఉన్న ఈ ఆటో బ్రేక్ ఇప్పుడు మధ్యతరగతి వాళ్లు కొనే కార్లలోకీ వచ్చింది. రావడం మంచిదే. యూరప్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ ఇది తప్పనిసరి. మన కేంద్ర రవాణా శాఖ కూడా పెద్ద బస్సులకు, లారీలకు తప్పనిసరి చేయాలని 2025లో ముసాయిదా విడుదల చేసింది. కానీ ‘అదే ఆగుతుంది సార్’ అని ఒక్క మాట చెప్పి తాళాలు చేతిలో పెట్టడం చాలా ప్రమాదం. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, అందుకే ఈ ఉత్తరం.

కారు ముందు గ్రిల్ వెనకో బంపర్ వెనకో రాడార్ ఉంటుంది. లోపల అద్దం దగ్గర, విండ్‌షీల్డ్‌కు ఆనుకుని కెమెరా ఉంటుంది. కొన్ని కార్లకు కెమెరా ఒక్కటే. ముందున్నది ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా దగ్గరవుతోందో రాడార్ కొలుస్తుంది. అది లారీయా, బైకా, మనిషా అన్నది కెమెరా పోల్చుకుంటుంది. గుద్దడానికి ఇంకా ఎన్ని సెకన్లు ఉందో కంప్యూటర్ ఆపకుండా లెక్క కడుతూనే ఉంటుంది. మన కారు 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది, ముందు ట్రాక్టర్ 30తో పోతోంది అనుకుందాం. తేడా 50, అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఇద్దరి మధ్య 42 మీటర్లు ఉంటే మిగిలింది 3 సెకన్లే. ముందు బీప్ శబ్దం వస్తుంది. మనం కదలకపోతే కొంచెం బ్రేకు పడుతుంది, ఆఖరు క్షణంలో గట్టిగా పడుతుంది. మనం బ్రేకు సరిపోయినంత తొక్కకపోతే చాలా కార్లు మిగతాది కలుపుతాయి. కానీ కంగారులో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినా, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, డ్రైవరే చూసుకుంటున్నాడని లెక్కవేసుకుని చాలా కార్లలో ఆటో బ్రేక్ తప్పుకుంటుంది. ఈ సంగతి కొన్నవాళ్లలో ఎంతమందికి చెప్పారు?

ఎక్కువ వేగంలో అది కారును పూర్తిగా ఆపలేకపోవచ్చు, దెబ్బను తగ్గిస్తుంది. అదీ చిన్న మేలు కాదు. 80తో గుద్దాల్సింది 40తో గుద్దితే, ఢీకొట్టే శక్తి నాలుగో వంతే ఉంటుంది. ప్రాణం పోయే చోట కాలో చెయ్యో విరిగి బయటపడొచ్చు. అందుకే, బైకులు అడ్డం దూరినప్పుడల్లా బ్రేకు పడుతోందని, వెనక లారీ వచ్చి గుద్దుతుందేమోనని టెన్షన్‌తో దాన్ని ఆఫ్ చేసి తిరిగేవాళ్లను నేను సమర్థించను. హెచ్చరిక ఎంత ముందుగా రావాలో మార్చుకునే సెట్టింగ్ చాలా కార్లలో ఉంది, ఆఫ్ చేసే బదులు అది మార్చి చూడవచ్చు.

అసలు భయం రాత్రిపూట ఆగి ఉన్న బండి గురించి. మనం వేగంగా పోతున్నప్పుడు రోడ్డు పక్క బోర్డులు, కరెంటు స్తంభాలు, ఫ్లైఓవర్ గోడలు అన్నీ రాడార్‌కు మన మీదికి వస్తున్నట్టే కనిపిస్తాయి. వాటన్నిటికీ బ్రేకు వేస్తే కారు ముందుకే పోదు. అందుకని కదలని వస్తువుల సంకేతాలను చాలావరకు పక్కన పెట్టేలా తయారుచేస్తారు, చాలా కార్లలో కెమెరా ‘అది బండే’ అని గుర్తుపడితేనే బ్రేకు పడుతుంది. ఇప్పుడు కరీంనగర్–వరంగల్ రోడ్డు మీద టైరు పేలి, లైట్లు లేకుండా ఆగిన గ్రానైట్ లారీని తలుచుకోండి. లేదా పత్తి నింపుకుని, వెనక లైట్లు పత్తి కింద కప్పుకుపోయి, ఏ బండి ఆకారమూ లేకుండా ములుగు రోడ్డు మీద నిలబడ్డ ట్రాలీని తలుచుకోండి. చీకట్లో మన కంటికి ఆనని దాన్ని కెమెరా కూడా పట్టుకోలేకపోవచ్చు. బర్రెలను అన్ని కార్లూ గుర్తుపట్టవు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు అయితే మరీ కింద ఉంటాయి, వాటికి బ్రేకు పడుతుందని నమ్ముకోలేం. (వడ్ల విషయంలో రైతును తిట్టి లాభం లేదు, ఊళ్లో సరిపడా కల్లాలు కట్టివ్వాలి.)

మనవాళ్లు చేసే ఇంకో పని బంపర్ ముందు ఇనుప గార్డు బిగించడం. దాని మీద చర్య తీసుకోవాలని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఆ ఇనుము రాడార్‌కు అడ్డం పడుతుంది. విండ్‌షీల్డ్ పగిలితే కొత్తది వేయించి ఊరుకుంటారు, కెమెరాను మళ్లీ సరిచేయించాలని తెలియదు. కెమెరా కొంచెం పక్కకు తిరిగినా దూరంలో లెక్క తప్పుతుంది.

డెలివరీ ఇచ్చే రోజు కొబ్బరికాయ కొట్టించి ఫొటో దిగడంతో పాటు, కొన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇవన్నీ తెలుగులో వివరించడం షోరూంకు తప్పనిసరి చేయాలని రవాణా శాఖను కోరుతున్నాను. డ్రైవింగ్ స్కూళ్లలోనూ నేర్పాలి.

రెండో విన్నపం మార్కెట్ కమిటీకి, పోలీసులకు. ట్రాలీకి వెనక రిఫ్లెక్టర్లు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. పత్తి, మిర్చి సీజన్లలో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు గేటు దగ్గర ట్రాక్టర్లు ఎట్లాగూ వరుసలో గంటల తరబడి నిలబడతాయి. అక్కడే ఇద్దరు మనుషుల్ని పెట్టి, జరిమానా రాయకుండా, ప్రతి ట్రాలీకి వెనకా పక్కలా రేడియం స్టిక్కర్లు అంటించవచ్చు. సరుకు కప్పేసినా కనిపించేలా పైన వేలాడదీసే రిఫ్లెక్టర్ ఒకటి ఇవ్వవచ్చు. జమ్మికుంట యార్డులోనూ ఇదే చేయవచ్చు. ఖర్చు మార్కెట్ ఫీజులోంచి పెట్టుకోవచ్చు. ఈసారి పత్తి బండ్లు యార్డుకు రావడం మొదలయ్యేలోపే ఇది జరగాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ