జానెడు పేగు

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ,

నోట్సులో డుయోడినం (కడుపు తరవాత వచ్చే చిన్నపేగు మొదటి భాగం) ఎదురుగా ‘పన్నెండు అంగుళాలు, అంటే 30 సెంటీమీటర్లు’ అని రాసుకున్నావు. ఆ 30 కొట్టెయ్. ఇక్కడ అంగుళం టేపు మీది అంగుళం కాదు, వేలి వెడల్పు. ఇంచీకి ఆ పేరు తగిలించింది తరవాతి కాలంలో.

బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి, నడిమి కణుపుల మీదుగా అడ్డంగా కొలిచి చూడు. ఇంచుమించు 7.5 సెంటీమీటర్లు వస్తుంది. అది బెత్తెడు. మూడు బెత్తెలంటే పన్నెండు వేళ్లు, అంటే 22.5. పుస్తకం 25 అంటుంది, పెద్ద తేడా లేదు. మన పాత లెక్కలో పన్నెండు అంగుళాలు ఒక జాన. కాబట్టి ఇది జానెడు పేగు. నీ గదిలో ఉన్న ఒడియా పిల్లకి ‘చాఖండే’ అని చెప్పు, ఇట్టే పట్టుకుంటుంది. ‘బార’ అన్నావో, ఆమె పన్నెండనుకుంటుంది, నువ్వేమో చాచిన రెండు చేతులనుకుంటావు! శవంలో చాచి కొలిస్తే చిన్నపేగు మొత్తం దాదాపు 6 మీటర్లు, మూడు బారల పైమాటే. అందులో మొదటి జానే ఇది.

పేరు పెట్టింది హీరోఫిలస్, క్రీ.పూ. 300 ప్రాంతంలో, అలెగ్జాండ్రియాలో. మనుషుల శవాలు కోసి చూసినవాడు. గ్రీకులో ‘డోడెకాడాక్టిలాన్’, పన్నెండు వేళ్లది అని. 12వ శతాబ్దంలో అనువాదకుడు క్రెమోనా గెరార్డ్, పారశీక వైద్యుడు అవిసెన్నా రాసిన వైద్యగ్రంథాన్ని అరబ్బీ నుంచి లాటిన్‌లోకి తెస్తూ దాన్ని ‘డుయోడినం డిజిటోరం’ చేశాడు. వాడుకలో వేళ్లు రాలిపోయి పన్నెండు మిగిలింది. జర్మన్లు ‘ట్స్వోల్ఫ్‌ఫింగర్‌డార్మ్’ అని వేళ్లను ఇంకా దాచుకున్నారు. మన ‘ఆంత్రమూలం’లో కొలతే లేదు. హిందీ పుస్తకాల్లో ‘గ్రహణి’ అంటారు గానీ ఆయుర్వేదంలో అదే పేరుతో ఒక జబ్బు ఉంది, కంగారు పడకు.

డుయోడినానికి నాలుగు ముక్కలు: 5, 7.5, 10, 2.5 సెంటీమీటర్లు. కూడితే 25. ఇంగ్లీషు ‘సి’ అక్షరంలా క్లోమం తలను చుట్టుకుని ఉంటుంది. మొదటి 2.5 సెంటీమీటర్లు మాత్రమే కాస్త కదులుతుంది, మిగతాది వెనకగోడకు అతుక్కుని ఉంటుంది. పైత్యరసం, క్లోమరసం వచ్చి పడేది రెండో ముక్కలో. అంతకు ముందే, కడుపులోని ఆమ్లం నేరుగా తగిలే మొదటి ముక్కలోనే పుండ్లు ఎక్కువ. పుండు ముందుగోడలో ఉంటే చిల్లు పడి ఉదరకుహరంలోకి కారుతుంది. వెనకగోడలో ఉంటే అక్కడే పోయే గాస్ట్రోడుయోడినల్ ధమనిని తినేసి రక్తం పోతుంది, మలం తారులా నల్లగా వస్తుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఈ ముందూ వెనకా తారుమారు చేసేవాళ్లే ఎక్కువ.

దీని తరవాతది జెజునం. లాటిన్‌లో ఖాళీ కడుపుతో ఉన్నది అని అర్థం, శవంలో ఖాళీగా కనబడేది కనుక. చిన్నపేగు చివరి భాగం ఇలియం. ఆ పేరు గ్రీకులో మెలికలు తిరగడం నుంచి వచ్చిందంటారు.

బొమ్మ గీసేటప్పుడు నాలుగు ముక్కల్నీ సమానంగా గీయకు. మూడోది అన్నిటికన్నా పొడుగు, వెన్నెముకకు అడ్డంగా పోతుంది.

అమ్మ