రాత్రి పదింటి తర్వాత మా పడవల్లో జనరేటరు నడవదు

దిండి రేవులోని మా రెండు హౌస్‌బోట్లలోనూ ఈ నెల నుంచి రాత్రి పది దాటితే జనరేటరు ఆపేస్తున్నాం. రేవు కరెంటు ఉన్నంతసేపు ఏసీ నడుస్తుంది. అది పోతే ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, లైట్లు మాత్రమే. "ఏసీ గది అని డబ్బు తీసుకుని చెమటలో పడుకోబెట్టారు" అని ఒక అతిథి రాశారు. ఆయన కోపంలో న్యాయముంది. కోనసీమ ఉక్కపోత ఎలాంటిదో ఇక్కడ పుట్టినవాళ్లం, మాకు తెలియనిది కాదు. అయినా ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గం.

కారణం ఇంజిను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. పడవలో ఇవి వస్తే ఎండ తగిలిందనో, పడవ ఊపు పడలేదనో, మందు ఎక్కువైందనో అనుకుంటాం. నిద్రలో ఉన్నవారికి ఆ అనుమానం కూడా రాదు.

డీజిల్ ఇంజిను పొగలో ఈ వాయువు తక్కువ, చిన్న పెట్రోలు జనరేటరు పొగలో చాలా ఎక్కువ. పుట్టినరోజు వేడుకలకు, పాటల పెట్టెలకు కొందరు అద్దె జనరేటరు వెంట తెస్తున్నారు. ఇకమీదట దాన్ని పడవ ఎక్కనివ్వం. డెక్కు మీద పెట్టుకుంటామన్నా సరే. పడవ మెల్లగా సాగుతున్నప్పుడు వెనక గాలి సుడి తిరిగి, బయటికి వదిలిన పొగనే వెనక తలుపులోంచి గదిలోకి తెస్తుంది. రేవులో పడవలు ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉన్నప్పుడు పక్క పడవ పొగ మన కిటికీలోకి వస్తుంది.

అంటే మా జనరేటరు ఆపినంత మాత్రాన సరిపోదు. అందుకే ప్రతి పడక గదిలోనూ మంచం తలవైపు గోడకు, ఈ వాయువును పసిగట్టి మోగే డిటెక్టరు బిగించాం. వంటగదిలో ముందునుంచీ గ్యాస్ అలారం ఉంది కదా అని అడుగుతున్నారు. అది సిలిండరు గ్యాసు లీకయితే మోగేది. ఆ గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి నేలకు దగ్గరగా పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ దాని కంటికి ఆనదు.

కొత్త డిటెక్టర్లు యూరప్ ప్రమాణానివి. గాలిలో ప్రతి పది లక్షల భాగాలకు 50 భాగాలుంటే గంట నుంచి గంటన్నర లోపు మోగుతాయి, 300 ఉంటే మూడు నిమిషాల్లోపే. సాయంత్రం పడవ కదిలే ముందు మా సరంగు మీ ఎదుటే మీట నొక్కి వినిపిస్తాడు. చెవులు చిల్లులు పడే మోత, పసిపిల్లలుంటే ముందే చెప్పండి. ఆ మీటతో తెలిసేది బ్యాటరీ, మోత బాగున్నాయనే. లోపలి సెన్సారుకు గడువుంటుంది. ఆ తేదీ పెట్టె మీదే ఉంది, మీరే చూసుకోవచ్చు. బ్యాటరీ తగ్గినప్పుడు వచ్చే సన్నటి మోతకు విసుగొచ్చి దాన్ని పీకేయవద్దని మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాం. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో ఆర్నిస్టన్ అనే పడవలో జనరేటరు పొగకు తల్లీకూతుళ్లు చనిపోయారు. ఆ పడవలో సెన్సార్లున్నాయి, వాటికి కరెంటే లేదు. 2019 ఏప్రిల్ నుంచి బ్రిటన్ లోతట్టు జలమార్గాల భద్రతా పథకంలో, పడక గదులున్న పడవలకు ఈ అలారాలు తప్పనిసరి చేశారు.

మన దగ్గర కచ్చులూరు ప్రమాదం తర్వాత, అతిథులు ఎక్కగానే లైఫ్ జాకెట్లు అడుగుతున్నారు. సంతోషం. డిటెక్టరు ఎక్కడుందని మాత్రం ఇప్పటిదాకా మమ్మల్ని ఎవరూ అడగలేదు.

దోమల భయంతో కిటికీలన్నీ బిగించి, గదిలో బొగ్గుల మీద సాంబ్రాణి వేసేవారున్నారు. బొగ్గు నిప్పు ఆరినట్టు కనిపించినా ఈ వాయువును వదులుతూనే ఉంటుంది. కిటికీలకు దోమతెరలు బిగించాం, తెరిచే పడుకోండి. కబాబుల పొయ్యి రేవు గట్టు మీదే, పడవలో కాదు.

అలారం మోగినా, ఒకే గదిలో ఇద్దరికి తలనొప్పి వచ్చినా, ఆలోచించకుండా అందరూ ముందు డెక్కు మీదికి వచ్చేయండి. లెక్క పెట్టుకుని సరంగును పిలవండి, 108కి ఫోను చేయండి. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు వేలికి పెట్టి 98 చూపించిందని ఊరుకోవద్దు. ఈ వాయువు పట్టిన రక్తాన్నీ ఆ పరికరం ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. ఆసుపత్రిలో పొగ అనుమానమని మొదటి మాటగా చెప్పండి, రక్త పరీక్షలోనే అది తేలుతుంది.

ఈ ఖర్చుకు అద్దె పెంచలేదు. రాత్రి కరెంటు పోయి ఏసీ ఆగితే, ఆ గది ఏసీ రుసుము ఉదయం లెక్కలో తీసేస్తాం. ఈ పద్ధతి నచ్చనివారు బయలుదేరే ముందురోజు సాయంత్రంలోగా చెబితే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం.