నేలపట్టు గుడ్లకు పరీక్షలేవి?

పక్షుల కేంద్రాలైన నేలపట్టు, పులికాట్‌లకు ఎన్ని పక్షులు వచ్చాయో లెక్క చెబుతున్నారు గానీ, వాటి గుడ్లలో ఏ రసాయనాలు చేరుతున్నాయో ఏటా పరీక్షించి ప్రజల ముందు పెట్టే ఏర్పాటు కనిపించదు. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) తినేది చేపలనే. నీటిలోని డీడీటీ (పురుగుమందు), పీసీబీల (పారిశ్రామిక రసాయనాలు) వంటి తేలిగ్గా నశించని విషాలు చేపల ద్వారా తల్లి పక్షి కొవ్వులో పేరుకుని, అక్కడి నుంచి గుడ్డు సొనలోకి దిగుతాయి. కెనడా 1974 నుంచి గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో హెర్రింగ్ గల్ అనే నీటిపక్షి గుడ్లను ఇలాగే పరీక్షిస్తోంది. నిషేధాల తర్వాత డీడీటీ, పీసీబీలు తగ్గడం అక్కడ స్పష్టంగా కనిపించింది. అంతకంటే ముఖ్యం, పాత గుడ్ల నమూనాలను ఫ్రీజర్లలో దాచడం. వస్తువులు త్వరగా అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాలు 1980ల నుంచి ఎలా పెరిగాయో ఆ పాత గుడ్లే తర్వాత బయటపెట్టాయి. మన దగ్గర గూళ్ల కాలం ముగిశాక చెట్ల కింద పొదగని గుడ్లు, పగిలిన పెంకులు ఊరికే పడి ఉంటాయి. చుట్టూ చూస్తే రొయ్యల చెరువులు, ఫ్యాక్టరీలు పెరుగుతూనే ఉన్నాయి. పర్యాటకుల కోసం పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే తప్పేంటి? అటవీశాఖ పాడైన గుడ్లను మాత్రమే సేకరించి, తేదీ, చోటు రాసి భద్రపరచాలి. పక్షుల్లో పురుగుమందుల అవశేషాలపై అనుభవమున్న కోయంబత్తూరులోని సలీం అలీ పక్షి పరిశోధన కేంద్రానికి పంపి, ఫలితాలను ఏటా ప్రకటించాలి. పరీక్షలకు ఇప్పుడే నిధులు లేకపోతే, కనీసం గుడ్లు దాచడం ఈ సీజన్‌ నుంచే మొదలుపెట్టవచ్చు.

– ఓ పాఠకుడు, నాయుడుపేట